భుజం కింద అరచెయ్యి

“చెయ్యి పెట్టి చూడరా. దూరుతోందా?”

వస్తాదు గారు అడిగింది మ్యాట్ పక్కన గొంతుక్కూర్చున్న కుర్రాణ్ని. మ్యాట్ మీద ఇద్దరు డిగ్రీ పిల్లలు ముడిపడిపోయి ఉన్నారు. ఏ కాలు ఎవరిదో పోల్చుకోవడానికి నాకు కాసేపు పట్టింది. ఓడిపోతున్నవాడి కాళ్లు చెరోవైపుకీ విచ్చుకుపోయాయి. ఒక కాలు రెండోవాడి కాళ్ల మధ్య మెలిపడి ఇరుక్కుంది. ఇంకో కాలిని వాడు మోకాలి దగ్గర రెండు చేతులా వాటేసుకుని, కొబ్బరిమట్ట చీల్చినట్టు తన గుండెకేసి లాక్కుంటున్నాడు.

కుర్రాడు వంగి, కిందవాడి భుజం కింద అరచెయ్యి దూర్చాడు. ఇటు దూర్చిన చెయ్యి అటు వచ్చేసింది.

“దూరింది మాస్టారూ.”

“అయితే చిత్తు కాలేదు. లేవండి. మళ్లీ.”

తాలింఖానాల మీద రాయమని మా సంపాదకుడు పంపితే వెళ్లాను. మా తాతయ్య దివిసీమలో కుస్తీ పట్టేవాడని ఎప్పుడో చెప్పిన మాట ఆయన గుర్తుపెట్టుకున్నారు. విజయవాడ పాతబస్తీలో, కొండకి దిగువన రేకుల షెడ్డు. గోడకి ఆంజనేయస్వామి పటం, దాని కింద కర్ర గదలు, మూల వేలాడే లావుపాటి తాడు. గోదా ఉన్నచోట ఇప్పుడు సిమెంటు గచ్చు, దాని మీద నీలం మ్యాట్. అంతా తిప్పి చూపిస్తామన్నారు గానీ నేను కదల్లేదు. ఆరింటి నుంచి ఎనిమిదింటి దాకా నేను చూసింది ఆ ఒక్క పట్టునే.

అమెరికా కాలేజీల కుస్తీలో దాన్ని స్ప్లాడిల్ అంటారు. అక్కడా అరుదుగా పడే పట్టే. దాన్ని మొదట ఫోన్లో చూసి వచ్చినవాడు పైనున్న కుర్రాడు. వస్తాదు గారు ఆ వీడియోని నాలుగైదుసార్లు తిప్పించి చూసి, “కాళ్లు చీల్చే పట్టు మాకూ ఉండేది. కానీ ఇలా దెబ్బ తింటూ వెయ్యడం నేనెరగను” అన్నారట. మర్నాటి నుంచి నేర్పడం మొదలుపెట్టారు. డెబ్బై దాటిన మనిషి, తను ఎరగని పట్టుని శిష్యుడి ఫోన్లోంచి నేర్చుకుని మళ్లీ ఆ శిష్యుడికే నేర్పుతున్నారు. అందుకే ఆయనంటే నాకు గౌరవం కలిగింది.

దెబ్బ తింటూ అన్నారే, అదే ఈ పట్టు ప్రాణం. ఎదుటివాడు వంగి దూసుకొచ్చి మీ కాలు దొరకబుచ్చుకున్నాడనుకోండి. ఎవరైనా ఏం చేస్తారు? కాలు విడిపించుకోవాలని వెనక్కి గుంజుతారు. స్ప్లాడిల్ వేసేవాడు గుంజడు. దొరికిన కాలిని దొరకనిస్తాడు. అదే కాలిని ఎదుటివాడి దగ్గరి కాలికి లోపల్నుంచి పెనవేస్తాడు, రెండో కాలితో దానికి గొళ్లెం పెడతాడు. వాడి వీపు మీదుగా వాలి దూరపు కాలిని చేతులతో అందుకుంటాడు. అప్పుడు తన తుంటి మీద పక్కకి ఒరుగుతాడు. కాళ్లు రెండూ రెండుచోట్ల బందీ అయ్యాక కిందవాడికి దొర్లడం తప్ప దారి లేదు. దొర్లితే వెల్లకిలే. కింద పడ్డా పైచేయి నాదే అనే మాటని మనం బుకాయించేవాళ్లకి వాడుతుంటాం. ఆ సాయంత్రం దాన్ని మ్యాట్ మీద అక్షరాలా చూశాను.

వస్తాదు గారి చెవులు రెండూ నలిగి, గట్టిపడి, ఎండిన చింతకాయల్లా ఉన్నాయి. వేళ్లు మాత్రం వైద్యుడి వేళ్లు. పైవాడు లాగుతున్నంతసేపూ ఆయన మోకాళ్ల మీద కూర్చుని కిందవాడి తొడ వెనక నరాన్ని రెండు వేళ్లతో పట్టుకునే ఉన్నారు. నరం వీణ తీగలా బిగిసే క్షణం ఆయన వేళ్లకి తెలుస్తుంది. తెలియగానే రెండో చేత్తో మ్యాట్ మీద ఒక్కటి చరుస్తారు. పైవాడు వదిలేస్తాడు. అరవడాలు, ఈల వెయ్యడాలు ఏమీ లేవు. రెండు గంటల్లో ఆ చరుపు ఇరవైసార్లు విని ఉంటాను. ఒక్కసారీ ఆలస్యం కాలేదు.

ఈ పట్టు ఎందుకు అరుదంటే, వేసేవాడి వీపు కూడా నేలకి దగ్గరగా వస్తుంది. అమెరికా కాలేజీల కుస్తీకి సొంత నియమాలున్నాయి. మన విశ్వవిద్యాలయాల పోటీలు ఫ్రీస్టైల్, గ్రీకో రోమన్ నియమాలతో నడుస్తాయి. ఫ్రీస్టైల్‌లో పట్టు వేస్తూ నీ వీపే మ్యాట్ వైపు తిరిగిందంటే ఎదుటివాడికి పాయింట్లు. అంగుళం తేడాతో గెలుపు అటు వెళ్లిపోతుంది. మూడేసి నిమిషాల రెండు విడతల్లో అంత ప్రమాదం ఎవరు నెత్తికెత్తుకుంటారు? వృత్తం బయటికి నెడితే ఒక పాయింటు వస్తుంది. ఆధిక్యం వచ్చాక చేతులు అడ్డం పెట్టుకుని కాలం గడిపేస్తే చాలు. వస్తాదు గారు దాన్ని నెట్టుడు కుస్తీ అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

“మా రోజుల్లో పాయింట్లెక్కడివండీ? వీపు ఆనిందా లేదా, అంతే. గంటైనా అంతే.”

నియమాల పుస్తకంలో ఇప్పటికీ చిత్తుదే పెద్దపీట. రెండు భుజాలూ ఆని, ఎదుటివాడు పూర్తిగా లొంగాడని రిఫరీకి కనిపించేంతసేపు ఉంటే చాలు, అప్పటిదాకా వచ్చిన పాయింట్లన్నీ చెరిగిపోతాయి. అమెరికా కాలేజీల్లో ఆ సేపు ఒక్క సెకను. అక్కడి జట్టు పోటీల్లో మామూలు గెలుపుకి 3 పాయింట్లు, చిత్తుకి 6. 2021 ఆగస్టు 4న టోక్యో ఒలింపిక్స్‌లో మన రవి దహియా 57 కిలోల సెమీఫైనల్లో 2–9తో వెనకబడ్డాడు. కజకిస్తాన్ కుర్రాడు సనయెవ్ జబ్బ కొరుకుతున్నా పట్టు సడలించకుండా చివరి నిమిషంలో చిత్తు చేశాడు. ఈ షెడ్డు పిల్లలకి ఆ కుస్తీ కంఠతా వచ్చు. ఏ క్షణంలో ఎవరి మోచెయ్యి ఎక్కడుందో చెబుతున్నారు.

వెల్లకిలా అనే అర్థమున్న హిందీ చిత్, మన దగ్గర చిత్తు అయింది. నేను పాతికేళ్లుగా శీర్షికలు పెడుతున్నాను. గోదాలోకి దిగారు, ఎత్తుకు పైఎత్తు, మట్టి కరిపించారు, చిత్తుచిత్తుగా ఓడించారు. ఎన్నికలొస్తే ఇవి లేకుండా మా పేజీ నిండదు. ఈ మాటలకి మూలమైన మట్టి కోసం ఆ పూట అడిగితే, వస్తాదు గారు సిమెంటు గచ్చు వైపు చూపించారు. మన నల్లరేగడి గోదాకి పనికిరాదట. ఎండితే రాయి, తడిస్తే జిగురు. ఎర్రమట్టి బండ్ల మీద తెప్పించి, జల్లెడ పట్టి, పసుపు, నువ్వులనూనె, మజ్జిగ కలిపి రోజూ తిరగదవ్వేవారట. సంక్రాంతికి మన డెల్టాలో ఊరూరా బరులు గీస్తాం, లైట్లు పెడతాం, గ్యాలరీలు కడతాం. కోళ్లకి. మనిషి బరి ఏ ఊళ్లో ఉందో చూపించమంటే ఎవరూ చూపించలేరు. నాకిది కడుపు రగిలే సంగతి.

పైగా ఇది ఏ ఊరు? షెడ్డు మీద నీడ పడుతున్న కొండ ఇంద్రకీలాద్రి. బాణాలయిపోయాక అర్జునుడు కిరాతుడి వేషంలో ఉన్న శివుడితో ఉత్తచేతులతో కలబడింది ఇక్కడేనని ఈ ఊరి నమ్మకం. విజయుడన్న అర్జునుడి పేరే ఊరికి వచ్చిందంటారు. కొండ మీది మల్లేశ్వరుడికి ఆ పేరు బ్రహ్మ మల్లెలతో పూజించినందుకని ఒక కథ, మల్లయుద్ధం చేసినందుకని ఇంకో కథ. ఆ కుస్తీలో అర్జునుడు గెలవలేదు. శివుడి చేతుల్లో నలిగి కింద పడ్డాడు. పాశుపతం దొరికింది అలా పడ్డవాడికే.

ఈ కథ నాకు గుర్తొచ్చింది కొండని చూసి కాదు, పంపు దగ్గర విన్న ఒక మాటతో. విరామంలో పిల్లలు మొహాలు కడుక్కుంటున్నారు. ఇందాకటి నుంచీ పడుతున్న కుర్రాడు, అవనిగడ్డ వైపు నుంచి చదువుకోడానికి వచ్చినవాడు, మోచేతి దోకుడు మీద నీళ్లు పోసుకుంటూ పక్కవాడితో అంటున్నాడు:

“అన్నా, వాడికైతే పోటీల్లో మెడలొస్తది, సర్టిఫికెట్టొస్తది. రోజూ పడినోడికి ఏమిస్తారు?”

పక్కవాడు జవాబు చెప్పలేదు. నేనూ చెప్పలేను. ఆ అబ్బాయి ఒక్క పోటీకీ వెళ్లలేదు. బరువు తరగతి ఒకటే కావడంతో కాలేజీ జట్టులో చోటు రెండోవాడికి దక్కింది. అయినా రోజూ వస్తాడు. తను రాకపోతే రెండోవాడు పట్టు వెయ్యడానికి మనిషి ఉండడు.

ఈ ఊళ్లోనే దండమూడి రాజగోపాలరావు పేరుతో ఇండోర్ స్టేడియం ఉంది. గండిగుంటలో పుట్టి, 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో వెయిట్‌లిఫ్టింగ్‌లో కాంస్యం తెచ్చినవాడు. 1963లో ‘నర్తనశాల’లో భీముడు ఆయనే. ఆ పేరు పెట్టినందుకు సంతోషమే. కానీ బరువులెత్తేవాడికి ఇనుము దొరికితే చాలు, ఎక్కడైనా సాధన సాగుతుంది. కుస్తీకి అలా కుదరదు. ఇంకో మనిషి ఒళ్లప్పగించాలి. ఒక పట్టు చేతికి రావాలంటే ఎవరో ఒకరు దాని కింద వెయ్యిసార్లు పడాలి. ఊరికొక గోదా ఉన్నప్పుడు పదిమంది వంతులవారీగా పడేవారు, రేపు వాళ్లే పడేసేవారు. వీడియో ఎంత భద్రంగా దాచినా అది పట్టు కాదు, దాని బొమ్మ. ఈ షెడ్డులో స్ప్లాడిల్ ఇద్దరి ఒళ్లలో ఉంది. జూన్‌లో డిగ్రీ అయిపోతే అవనిగడ్డ కుర్రాడు పనికి హైదరాబాద్ వెళ్తాడు. ఆ పైన అది ఒక్కడి ఒంట్లో ఉంటుంది, అంటే లేనట్టే. పోటీకి వెళ్లే ప్రతి కుర్రాడితో పాటు వాడికి ఒళ్లప్పగించినవాడికీ బస్సు ఛార్జీ, భోజనం, జాబితాలో పేరు ఇవ్వడానికి ఎంతవుతుంది? అది ఇవ్వకుండా క్రీడాభివృద్ధి గురించి ఎన్ని సభలు పెట్టినా నేను నమ్మను.

విరామం అయ్యాక వస్తాదు గారు నన్ను పిలిచారు. “ఇలా రండి బాబూ. ఇందాకటి నుంచీ చూస్తున్నారుగా. చెప్పులు విప్పి రండి.”

అవనిగడ్డ కుర్రాడు ఈసారి కాలు అందుకునేటప్పుడు ఏమాత్రం దాచుకోలేదు. నిజంగా పడెయ్యాలన్నట్టే దూసుకొచ్చాడు. రెండోవాడు కాలిచ్చాడు, పెనవేశాడు, వీపు మీదుగా వాలాడు. ఒరిగాడు. షెడ్డులో ఊపిర్లు తప్ప చప్పుడు లేదు. వస్తాదు గారి రెండు వేళ్లు తొడ నరం మీదికి వెళ్లాయి.

“ఇప్పుడు పెట్టండి, చెయ్యి.”

వంగి, ఆ అబ్బాయి భుజం కింద నా అరచెయ్యి పెట్టబోయాను. చెమటతో తడిసిన బనీను, దాని కింద ఎముక, దాని కింద మ్యాట్. వేలి కొసలు కూడా దూరలేదు. ఆ అబ్బాయి పైకప్పు వైపు చూస్తూ, రొప్పుతూ, నన్నడిగాడు: “దూరిందా అండీ?”