విప్పి చూడనిచ్చే తాళం

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల్లో తాళం మూడు వేర్వేరు చేతుల్లో కనిపిస్తుంది: నకలు చెవి చేసే పనివాడి చేతిలో, హార్డ్‌వేర్ దుకాణదారు చేతిలో, బియ్యం మిల్లు గుమాస్తా చేతిలో. చెవి లేకుండా తాళం తీసే నేర్పును సొంత తాళంపై సాధన చేయదలచినవారు ఎటువంటి సిలిండరు (తాళంలో చెవి దూరే భాగం) కొనాలన్న ప్రశ్నతో ఈ మూడు ఊళ్ళూ చూస్తే, జవాబు ఒక్కొక్క చోట కొంత కొంతగా దొరుకుతుంది.

సూర్యాపేటలో రోడ్డు పక్కన పెట్టె పరచుకున్న తాళాల పనివాడు ముడిచెవిని పట్టులో బిగించి, ఆకురాయితో గాట్లు పెట్టి, ఇత్తడి పొడిని ఊదేసి, పాతదానితో కలిపి వెలుతురుకెత్తి చూస్తాడు. పిన్ను తాళం మర్మమంతా ఆ గాట్ల లోతులోనే ఉంది. అమెరికాలో లైనస్ యేల్ జూనియర్ 1861, 1865 పేటెంట్లతో నేటి రూపానికి తెచ్చిన ఈ తాళంలో, కదలని ఒంటి లోపల ప్లగ్ అనే గుండ్రని ఇరుసు తిరుగుతుంది. రెండింటినీ కలుపుతూ తొలిచిన ఒక్కొక్క రంధ్రంలో చెవిని తాకే కింది పిన్ను, దానిపై పై పిన్ను, ఆపైన స్ప్రింగు ఉంటాయి. రెండు పిన్నులు కలిసే చోటు అన్ని రంధ్రాల్లోనూ ప్లగ్ అంచుకు సరిగ్గా వచ్చినప్పుడే ప్లగ్ తిరుగుతుంది. అయితే రంధ్రాలన్నీ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే వరుసలో పడవు కనుక, ప్లగ్‌ను కాస్త తిప్పి పట్టుకుంటే పిన్నులు ఒకదాని తర్వాత ఒకటిగా బిగుస్తాయి. సాధకుడి వేలు వెతికేది ఆ బిగువునే. ఈ తేడా ఎక్కువగా ఉండే చౌక సిలిండరే కొత్తవారికి మంచి గురువు కావడానికి కారణం ఇదే.

అక్కడి నుంచి జాతీయ రహదారి 65 మీద కోదాడ చేరితే, తలుపు సామాన్లు అమ్మే దుకాణాల్లో యూరో ప్రొఫైల్ అనే సిలిండరు ఎదురవుతుంది. 17 మి.మీ. గుండ్రని భాగం, 33 మి.మీ. ఎత్తు దీనికి ప్రామాణిక కొలతలు. బేరమాడే ముందు చూడవలసింది మెరుపును కాదు, ప్లగ్ వెనక ఉన్న చిన్న ఉక్కు క్లిప్పును. చెవి పెట్టి కాస్త తిప్పి, ఆ క్లిప్పు ఊడదీసి, ప్లగ్‌ను ముందుకు లాగుతూ, దానంతే లావున్న కర్రముక్కను వెనక నుంచి వెంటే జరిపితే పై పిన్నులు, స్ప్రింగులు చెదరకుండా నిలుస్తాయి. కర్ర ఒక్క క్షణం వెనకబడినా స్ప్రింగులు ఎగిరిపోతాయి. రెండువైపులా చెవి పట్టే రకంలో నడుమ చోటు ఇరుకు కాబట్టి, వెనకవైపు అడ్డులేని సగం సిలిండరుతో ఈ పని సుళువు. ఇత్తడి ఒళ్ళు, అయిదు పిన్నులు, సొంత చెవి ఉంటే చాలు.

హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ చేరితే, ఎంచుకోకూడనిదేమిటో తెలుస్తుంది. బియ్యం మిల్లుల గోదాములకు వేలాడే బరువైన తాళం కప్పల్లో చాలావాటి లోపల పిన్నులుండవు, లీవర్లనే పలకలుంటాయి. అలీగఢ్, దిండిగల్ పట్టణాలకు పేరు తెచ్చినవి ఇటువంటి కప్పలే. ఒళ్ళంతా రివెట్లతో మూసిన కప్పను విప్పితే మళ్ళీ బిగించడం కష్టం. కాపలాకు సుగుణమైన ఆ మొండితనమే సాధనకు అడ్డంకి.

పరుల తాళం తీసి లోపలికి చొరబడటం చట్టం దృష్టిలో నేరం కాబట్టి, సాధన సిలిండరు తలుపుకు బిగించినది కాక బల్లపై విడిగా ఉన్నదై ఉండాలి. మొదట నాలుగు రంధ్రాలను ఖాళీగా ఉంచి ఒక్క పిన్ను జంటతో మొదలుపెట్టి, చేయి కుదిరిన కొద్దీ ఒక్కొక్కటి చేర్చి, అయిదూ వచ్చాక వాటి పొడవులు తారుమారు చేస్తే, అదే సిలిండరు ప్రతిసారీ కొత్త తాళమవుతుంది. అప్పుడు పాత చెవి సైతం దాన్ని తీయలేదు.