ఓడిన గిత్త

మొన్న ఆదివారం మా అబ్బాయి సినిమా ఒకటి పెట్టుకు కూర్చున్నాడు. పేరేమిట్రా అంటే "సెక్రటేరియట్" అన్నాడు. సచివాలయం మీద కూడా సినిమా తీశారు కాబోలు, మా డి.ఏ. బకాయిల సంగతేమైనా వస్తుందేమోనని ఆశగా వెళ్ళి పక్కన చేరాను. తీరా చూస్తే అది గుర్రం పేరు!

సినిమా అయ్యాక వాడు అడిగాడు: "పెద్ద పందాలు గెలవకముందే దాన్ని అరవై లక్షల డాలర్లకి బేరం పెట్టేశారు గదా నాన్నా. ఆ తర్వాత ఓడిపోతేనో?"

నిజంగానే ఓడింది. 1973 ఫిబ్రవరిలో ఆ గుర్రాన్ని 32 వాటాలు చేసి, వాటా 1,90,000 డాలర్ల చొప్పున అమ్మారు. వాటా అంటే మరేమీ కాదు, యేటా ఒక ఆడగుర్రాన్ని దాని దగ్గరికి తోలుకుపోయే హక్కు. ఆ జాతి గుర్రాలకి సూదితో చూలు కట్టిస్తే పుట్టిన పిల్లని జాతి పుస్తకంలో రాసుకోరు. అంచేత మైదానంలో వచ్చే బహుమతి కంటే ఆ తర్వాతి సంసారానికే ఖరీదెక్కువ. ఆ యేడాది ఆఖరుకి పందాలు మానిపించాలని షరతు కూడాను. ఏప్రిల్‌లో వుడ్ మెమోరియల్ పందెంలో అది మూడోదిగా వచ్చింది. వాటాదార్లకి ఆ రాత్రి అన్నం సయించి వుండదు. పైపెదవి లోపల కురుపు లేచిందట పాపం. జూన్‌లో బెల్మాంట్ పందెం 31 గుర్రాల పొడవు దూరంతో గెలిచేసరికి అందరూ మళ్ళీ వూపిరి పీల్చుకున్నారు. సినిమావాళ్ళు అక్కడే శుభం కార్డు వేశారు. ఆగస్టులో అనియన్, అంటే ఉల్లిపాయ, అనే గుర్రం చేతిలో అది మళ్ళీ ఓడిన సంగతి మావాడికి తెలియదు.

వాడికి ఇదంతా చెబుతూంటే నాకు మా పెద్దమావయ్య గిత్త రాముడు గుర్తుకొచ్చాడు.

సామర్లకోట దగ్గర మా అమ్మమ్మగారి వూళ్ళో సంక్రాంతికి ఎడ్లబండి పరుగు పందాలు జరిగేవి. రాముణ్ణి దాపట కట్టేవారు. మూడేళ్ళు వరసగా మావయ్య బండే ముందు. ఆ మూడేళ్ళూ ఎదకొచ్చిన ఆవుల్ని చుట్టుపక్కల వూళ్ళనించి మా దొడ్లోకి తోలుకొచ్చేవారు. అప్పటికే పశువుల ఆస్పత్రి సూది వచ్చింది, జెర్సీ దూడలొచ్చాయి. పాలు కావలసినవాళ్ళు అక్కడికే పోయేవారు. రాముడి దగ్గరికి వచ్చేవాళ్ళు వాడి పేరు చూసే వచ్చేవారు.

నాలుగో యేడు పండక్కి నాలుగు రోజుల ముందు రాముడి వెనక డెక్కలో చీము పట్టింది. "ఈ యేటికి మానరా అబ్బీ" అన్నది అమ్మమ్మ. మానితే భయపడ్డాడంటారని మావయ్య బండి కట్టాడు. ఓడాడు. మళ్ళీ యేడు కాలు బాగానే వుంది గాని వెలపటి ఎద్దు పాతది పోయి కొత్తది వచ్చింది. రెండిటికీ అడుగు కలవలేదు. జత ఓడిపోతే ఎవరైనా జతని అనాలి గదా! అందరూ రాముణ్ణే అన్నారు. పేరున్నవాడి పాట్లు మనుషుల్లోనూ అంతే.

ఆవులు రావటం మానేశాయి. ఉలవలూ తవుడూ మాత్రం రోజూ కావలసివచ్చేవి. పని లేని గిత్త కట్టుగొయ్య పీకేది, పాలేర్ల మీదికి పోయేది. ఆ వేసవి సెలవల్లో నేను వెళ్ళేసరికి రాముడు ఇటుకల బండి కింద తలొంచుకు నుంచుని వున్నాడు. విత్తు కొట్టించేశారు. నేనెంత సేపు నిలబడ్డా వాడు తలెత్తి చూడలేదు. అప్పటికి నాకు పన్నెండేళ్ళు. మావయ్యతో ఆ సెలవల్లో సరిగ్గా మాట్లాడలేదు. ఆయనా అడగలేదు.

"అమెరికాలో అయితే అలా చెయ్యరు గదా?" అన్నాడు మావాడు.

అక్కడైనా దయ కంటే లెక్కే ఎక్కువ. కాకపోతే వాళ్ళు లెక్క రాసిపెట్టుకుంటారు. నేటివ్ డాన్సర్ అనే గుర్రం 22 పందాల్లో ఒక్కటే ఓడింది, 1953లో కెంటకీ డెర్బీ. పదకొండేళ్ళకి దాని కూతురి కొడుకు అదే డెర్బీ గెలిచాడు. సెక్రటేరియట్ కొడుకుల్లో తండ్రంతటివాడు లేడు. కూతుళ్ళ కడుపున మాత్రం స్టార్మ్ కాట్, ఏ.పీ. ఇండీ లాంటి మేటి గుర్రాలు పుట్టాయి. ఈ సంగతి తెలిసింది, ఏ తల్లి ఏ తండ్రి బిడ్డో పుస్తకంలో వుండబట్టే.

రాముడి కోడెదూడల్ని జనం కొన్నాళ్ళు కనిపెట్టి చూశారు. రెండు మూడు పందాలకి ఎక్కి రాలేదు. దాంతో సరి. మరి పెయ్యదూడలో? వాటినెవరూ లెక్క వెయ్యలేదు. మావయ్య పోయి తొమ్మిదేళ్ళయింది, అడుగుదామంటే మనిషి లేడు. ఆ రాత్రి అమ్మకి ఫోను చేశాను.

"రాముడి పెయ్యా? ఒకటి మనింటికే తోలుకొచ్చాంగా. నువ్వు టెన్తు చదివేప్పుడు పాలిచ్చిందదే. నుదుట సుడి వుండేది, తెల్లది."

"దానికి దూడలు పుట్టాయా అమ్మా?"

"పుట్టకేం, నాలుగు. నీ కాలేజీ ఫీజుకి అమ్మేశాం. ఎవరు కొనుక్కుపోయారో నాకేం గుర్తురా!"