శ్రవణమునకు మూల్యమెంత?



రాజమహేంద్రవరములో గోదావరీ తీరమున నివసించు ఒక గృహస్థు ఉద్యోగవిరమణానంతరము ఒక ధర్మసందేహమునకు లోనైరి. ఆయన తండ్రిగారు కృష్ణయజుర్వేదమును ఘనాంతము అధ్యయనము చేసిన విద్వాంసులు. 1986వ సంవత్సరములో మహాశివరాత్రినాడు ఇంటిలో వారు చేసిన నమకచమక పారాయణమును శిష్యుడొకడు టేపురికార్డరు పెట్టి కాసెట్టులో నిలిపెను. వారు శివసాయుజ్యము పొంది ఇరువది సంవత్సరములు దాటినవి. ఆ ఒక్క కాసెట్టు తప్ప వారి కంఠమునకు లోకములో వేరొక ఆధారము లేదు.

దాని నకలును చరవాణిలో విన్నప్పుడెల్ల ఆయనకు వెలితి తోచెడిది. "ఇది నాన్నగారి గొంతే. కాని నాన్నగారు ఇక్కడ లేరు" అనెడివారు. మనుమనికి ఉపనయనమైనది. ఆ బాలునకు ఈ పారాయణమునే వినిపించి వంశపాఠమును అందింపవలెనని ఆయన సంకల్పము. విదేశములోనున్న కుమారుడు "మంచి స్పీకర్లు, ఆంప్లిఫయరు కొనండి నాన్నగారూ, డబ్బుకు వెనుకాడకండి" అనెను. విక్రయశాలలో చూపిన శ్రేష్ఠసామగ్రి వెల రూ. 4,80,000. ఆ ప్రక్కనేయున్న సాధారణసామగ్రి వెల రూ. 45,000. ఈ రెంటి నడుమనున్న రూ. 4,35,000 చెవికి వినబడునా, లేక కొనువాని మనస్సునకు మాత్రమే వినబడునా? ఇదియే ఆయన సందేహము.

పైకి లౌకికముగా కనబడినను ఇది ప్రమాణవిచారమే. శబ్దము ఆకాశగుణమనియు, కర్ణశష్కులిచే అవచ్ఛిన్నమైన ఆకాశమే శ్రోత్రేంద్రియమనియు నైయాయికుల సిద్ధాంతము. తొలుత పుట్టిన శబ్దమే చెవికి చేరదు. అది వేరొక శబ్దమును, ఆ శబ్దము మరియొకదానిని పుట్టించుచు పోవును. నీటిపై అలవలె పోవునని వీచీతరంగన్యాయమును, కదంబపుష్పమువలె సర్వదిక్కులకు విచ్చుకొనునని కదంబముకుళన్యాయమును వారు చెప్పిరి. అనగా చెవికి అందునది పరంపరలోని చివరి శబ్దము. ఆ పరంపరలో లోపము ఎచ్చట కలదో తెలియక ధనము వెచ్చించుట, రోగము తెలియక ఔషధము సేవించుటతో సమానము.

ఆ పరంపరలో మొదటిది ముద్రణము. కాసెట్టుపై ముద్రింపబడని నాదమును ఎంతటి యంత్రమును సృజింపజాలదు. చివరిది చెవి. మానవశ్రోత్రము సెకనుకు సుమారు 20 మొదలు 20,000 కంపనముల వరకు గ్రహించును. అదియు యౌవనములో మాత్రమే. వయస్సు పైబడిన కొలది పై హద్దు దిగుచుండును. విక్రేత "మా యంత్రము 40,000 కంపనముల వరకు పలుకును" అని ప్రశంసించెను. అరువది నాలుగేండ్ల చెవికి దానివలన కలుగు ప్రయోజనము శూన్యము.

1982లో విక్రయమునకు వచ్చిన సీడీ సెకనుకు 44,100 మారులు నాదమును కొలిచి భద్రపరచును. 22,050 కంపనముల వరకు గల సమస్తమును ఇముడ్చుటకు అది చాలును. అంతకన్న సూక్ష్మముగా ముద్రించిన ధ్వనిని, దానినే సీడీ ప్రమాణమునకు కుదించిన ధ్వనిని శ్రోతలు వేరుపరుపగలరా అని మేయర్, మోరాన్ అను ఇద్దరు అమెరికాలో పరీక్షించి 2007లో ఫలితము ప్రకటించిరి. 554 పరీక్షలలో సరియైన సమాధానములు 276. నాణెమును ఎగురవేసినను ఇంతే వచ్చును.

ఇక తీగలు. నాలుగైదు గజముల మందపాటి రాగితీగ యొక్క నిరోధము, స్పీకరుకు సాధారణముగానుండు 8 ఓముల ఎదుట అత్యల్పము. వేలరూపాయల తీగ ఆ అల్పమును మరింత అల్పము చేయును, అంతియే. ఆంప్లిఫయరు శక్తిని రెండింతలు చేసినచో పెరుగునది 3 డెసిబెల్లులు మాత్రమే. వినుటకు రెండింతలు పెద్దదిగా తోచవలెనన్న శక్తి సుమారు పదింతలు కావలెను.

స్పీకరు విషయము వేరు. ఇచ్చట భేదము సత్యము. మంద్రనాదమునకు అధికమైన గాలిని కదల్పవలెను. చరవాణిలోని చిన్న రేకుకు అది అసాధ్యము. అయినను పురుషకంఠపు అనుదాత్తము చరవాణిలో అనుదాత్తముగానే ఎట్లు తోచుచున్నది? మూలకంపనము లేకున్నను, పైనున్న దాని గుణిజములనుబట్టి చెవియు బుద్ధియు కలిసి మూలమును ఊహించుకొనును. పర్వతముపై ధూమమును చూచి అగ్నిని తెలిసికొనుటవంటిదే ఇది. స్థాయి తెలియును, గాంభీర్యము తెలియదు. ఆయనకు తోచిన వెలితికి ఒక కారణము ఇదియే.

గది కూడ పరంపరలోనిదే. 50 కంపనముల నాదపు అల పొడవు సుమారు 7 మీటర్లు. అట్టి అలలు చిన్నగదిలో గోడలకు తగిలి, ఒకచోట పోగుపడి, మరియొకచోట క్షీణించును. బండలు పరచిన నేల, నున్నని గోడలు గల మన ఇండ్లలో ధ్వని మారుమ్రోగి అక్షరము చెదరును. ఘటము చిన్నదైనచో ఘటాకాశము చిన్నదిగా తోచునట్లు, గది యొక్క దోషము యంత్రదోషముగా భాసించును.

వీటన్నిటికన్న బలీయమైనది అధ్యాస. రజ్జువుపై సర్పము ఆరోపింపబడునట్లు, ధ్వనిపై వెల ఆరోపింపబడును. టూల్, ఆలివ్ అను శాస్త్రజ్ఞులు 1994లో ప్రకటించిన పరీక్షలో, అవే స్పీకర్లను శ్రోతలు చూచి విన్నపుడు ఒక తీర్పును, చూడక విన్నపుడు వేరొక తీర్పును ఇచ్చిరి. ఆ శ్రోతలు అసత్యమాడలేదు. వారు విన్నదియే చెప్పిరి. కాని విన్నదానిలో చూచినది కలిసిపోయినది.

ఈ సంగతి తెలిసికొన్న ఆ గృహస్థు కాసెట్టు నకలును తీసికొని విక్రయశాలకు మరల పోయిరి. రెండు సామగ్రుల ధ్వనిని సమానమైన బిగ్గరకు సరిచేయించి, నడుమ తెర కట్టించి, గోడవైపు తిరిగి కూర్చుండిరి. కొంచెము బిగ్గరగా పలుకునదే ఉత్తమముగా తోచుట సహజము గనుక ఈ జాగ్రత్త అవసరము. ఆంప్లిఫయర్లను మార్చినపుడు పదింట అయిదుమారులు మాత్రమే సరిగా చెప్పగలిగిరి. స్పీకర్లను మార్చినపుడు పదింట ఎనిమిది. భేదము కలదు. కాని "ఏది మీ తండ్రిగారి గొంతుకు దగ్గర?" అని పనివాడు అడిగినపుడు ఆయన చెప్పలేకపోయిరి.

అంతలో ఒక విశేషము జరిగినది. రెండవ అనువాకము ముగిసి తండ్రిగారు ఊపిరి తీసికొను వ్యవధిలో, వెనుకనుండి ఒక స్త్రీకంఠము లీలగా "హారతి పళ్ళెం ఇటు పెట్టమ్మా" అని వినబడినది. అది ఆయన తల్లిగారి గొంతు. ఆమె భర్తకన్న ముందే గతించినది. ఇన్ని సంవత్సరములలో ఆ మాట ఆయన వినలేదు. కన్నులు తుడుచుకొని "ఇది పెద్ద స్పీకరా?" అని అడిగిరి. అవునని పనివాడు చెప్పెను. ఆ క్షణమున ఆయన చేయి చెక్కుపుస్తకము మీదికే పోయినది.

కాని ఆయన ఆగి, అదే భాగమును రూ. 45,000 స్పీకర్లలో వేయించిరి. అమ్మగారి మాట వినబడినది. ఇంటికి వచ్చి చరవాణిలో పెట్టుకొనిరి. అందులోను వినబడినది. నాడును అది అందులోనే కలదు. "మనస్సు వేరొకచోట నుండెను, అందువలన వినలేదు" అని లోకములో అనుట కలదు గనుక మనస్సుతోనే వినుచున్నాము అను విచారము బృహదారణ్యకములో ఉన్నది. ఉపనయనపు హడావిడిలో, ప్రయాణములలో, నడకలో విన్న చెవికి అందనిది, తెర కట్టుకొని గోడవైపు తిరిగి ఏకాగ్రముగా కూర్చున్న చెవికి అందినది. యంత్రము తోడ్పడినది. కాని తలుపు తీసినది అవధానము.

శ్రీమద్భాగవతము అష్టమస్కంధములో శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి విత్తవిభాగమును బోధించును. ధర్మము, యశస్సు, అర్థము, కామము, స్వజనము అను అయిదింటికి ధనమును పంచువాడు ఇహపరములలో సుఖించును. కామమునకు భాగమే లేదని ఆచార్యుడు చెప్పలేదు. ఇతరుల భాగమును అది మ్రింగరాదు, అంతియే. సంగీతమే వృత్తియైనవారు, సూక్ష్మభేదములే జీవనమైనవారు తమ భాగములోనుండి అధికము వెచ్చించినచో దోషము లేదు.

ఆయన రూ. 45,000 సామగ్రినే కొనిరి. మూలమైన కాసెట్టును అనుభవజ్ఞుడైన సాంకేతికుని వద్దకు పంపి, టేపు హెడ్డును శుభ్రపరచి, దాని వాలును సరిచేసి, క్రొత్తగా నకలు తీయించిరి. దీనివలన కలిగిన స్పష్టత తక్కిన అన్నిటికన్న మిన్న. గదిలో మందపు జంపఖానా పరపించి, వెనుకగోడకు పుస్తకముల అలమర చేర్చిరి.

మిగిలిన ధనములో కొంత భాగముతో మనుమనికి ఒక అధ్యాపకుని కుదిర్చిరి. ఏలయన, యంత్రము ఎంత శ్రేష్ఠమైనను వినిపించును గాని వినదు. బాలుడు స్వరము తప్పినచో కాసెట్టులోని తాతగారు ఆగి సరిదిద్దరు. సంత చెప్పుటకు సజీవుడైన గురువు కావలెను. గురువు ఒకమారు పలుకగా శిష్యుడు రెండుమారులు పలుకుటయే వేదము నిలిచిన మార్గము.

ఇప్పుడు ఆ ఇంట ప్రాతఃకాలమున అధ్యాపకుడు సంత చెప్పును. సోమవారము సాయంకాలము ముత్తాతగారి పారాయణము వినుట నియమము. రెండవ అనువాకము ముగియగానే మనుమడు తాతగారివైపు చూచును. ఇద్దరును ఊపిరి బిగబట్టి ఆ హారతి పళ్ళెపు మాట కొరకు వేచియుందురు.

స్వస్తి.