అమ్మకు గ్రీన్ కార్డు వచ్చింది.. మరి ఇన్సూరెన్స్?

అమ్మకు 67. తొగుటలో ఉన్నన్ని రోజులు షుగర్, బీపీ గోలీలకు సిద్దిపేట పోతే సరిపోయేది. పెద్ద రోగమొస్తే ఆరోగ్యశ్రీ ఉందన్న ధైర్యం. గ్రీన్ కార్డు మీద డల్లాస్‌కు వచ్చాక ఆ ధైర్యం పోయింది.

65 దాటితే మెడికేర్ వస్తుంది కదా అంటారు చాలామంది. అమ్మలాగా కొత్తగా వచ్చినవాళ్లు ముందు వరుసగా ఐదేళ్లు ఇక్కడ ఉండాలి. ఆ తర్వాతైనా ప్రీమియం కట్టి కొనుక్కోవాల్సిందే. నా ఆఫీస్ పాలసీలో భార్యకు, పిల్లలకే చోటు. కన్నతల్లి 'డిపెండెంట్' కాదట!

విజిటర్ ఇన్సూరెన్స్ చవకే. కానీ పాత రోగాలకు మామూలుగా పైసలివ్వరు. అమ్మకున్నవే పాత రోగాలాయె.

చివరికి దిక్కు ఒబామాకేర్ మార్కెట్‌ప్లేస్. షుగర్ ఉందని అక్కడ కాదనడానికి లేదు, చట్టమే ఒప్పుకోదు. అయితే గ్రీన్ కార్డు మీద దిగిన 60 రోజుల్లోపే చేరాలి. దాటితే మళ్లీ ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ దాకా ఆగాలి. అమ్మానాన్నలను తెచ్చుకునేవాళ్లు టికెట్ కన్నా ముందు ఈ లెక్క చూస్కోండి.

నెల ప్రీమియం చెబితే అమ్మ మనసులోనే రూపాయల్లోకి మార్చుకుంది. "గన్ని పైసలా? నన్ను మల్ల తొగుటకు తోలియ్యి బిడ్డా" అంది. అయినా కట్టాను. కార్డు వచ్చి వారమైంది. ఇప్పుడు ఆ నెట్‌వర్క్‌లో ఉన్న డాక్టర్‌ను వెతుకుతున్నా.