మేకపిల్లలు, స్కైలాబు, మా మనవడి రాయి

2025 ఫిబ్రవరిలో ఒక రాత్రి మా మనవడు కంచం ముందు కూర్చుని ముద్ద ఎత్తటం లేదు. గోంగూర పచ్చడిలో నెయ్యి వేసి కలిపి పెట్టినా సరే! నాలుగో తరగతి పిల్లాడికి అంత దిగులేమిటా అని అడిగాను.

"2032 డిసెంబరు 22న ఆకాశంలోంచి రాయి పడుద్దంట అమ్మమ్మా. మన దేశం మీదైనా పడొచ్చంట. ఇంక ఎక్కాలెందుకు?" అన్నాడు. ఫోన్లో చూశాట్ట.

వాళ్ళమ్మ పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. 46 ఏళ్ళ క్రితం ఇదే మాట మా ఈపూరులో మా నాన్న నోట విన్నాను మరి.

నా ఈడు వాళ్ళకు స్కైలాబు గుర్తుండే ఉంటుంది. అమెరికా వాళ్ళు 1973లో పైకి పంపిన ప్రయోగశాల, సుమారు 77 టన్నులు. 1979లో అది కిందికి దిగిపోతోందన్నారు. ఎక్కడ పడేదీ ఎవరూ కచ్చితంగా చెప్పలేకపోయారు. అంతే, ఊరూరా ఒకటే గోల... పడేది మన నెత్తినేనని! కోళ్ళు కోసుకున్న వాళ్ళు కోసుకున్నారు, గొడ్డూ గోదా తెగనమ్మిన వాళ్ళు అమ్ముకున్నారు.

నాకప్పుడు పన్నెండేళ్ళు. ఏడు పాసయ్యాను. వినుకొండలో పిన్ని వాళ్ళింట్లో ఉంచి ఎనిమిది చదివించాలని అమ్మ ఆశ. పుస్తకాలకీ బట్టలకీ ఆవిడ పెంచుతున్న నాలుగు మేకపిల్లలే ఆధారం. ఇంకో నెల మేస్తే మంచి ధర వచ్చేది. నాన్న ఆగలేదు. "పొయ్యేటప్పుడు కట్టుకుపోతామా?" అంటూ మూడింటిని సగం ధరకే ఇచ్చేశాడు. అందరూ అమ్మేవాళ్ళేనాయె, కొనేదెవరు! నాలుగోదాన్ని కోయించి చుట్టాలను పిలిచాడు. అమ్మ మాట్లాడకుండా మసాలా నూరింది. అబద్ధమెందుకు, నేనూ రెండుసార్లు వడ్డించుకు తిన్నాను.

జులై 11 రాత్రి వాకిట్లో మంచాలు వేసుకుని జాగారం చేశాం. ఏమీ పడలేదు. హిందూ మహాసముద్రంలో, ఆస్ట్రేలియా పడమటి వైపు ముక్కలై పడిందనీ, ఎవరికీ దెబ్బ తగల్లేదనీ తర్వాత తెలిసింది. అక్కడ ఎస్పెరెన్స్ ఊరి వాళ్ళు, మా ఊళ్ళో చెత్త పోశారని అమెరికాకు 400 డాలర్ల జరిమానా రాశారట. మా మేకపిల్లల జరిమానా ఎవరికి రాయాలి? మేకల డబ్బు ఆ నెలలోనే హరించుకుపోయింది. నా ఎనిమిదో తరగతీ దాంతోనే పోయింది. చాలా ఏళ్ళు నాన్న మీద కోపం ఉండేది. ఆయనకు అర్థమయ్యేట్టు కూర్చోబెట్టి చెప్పినవాళ్ళు లేరని తర్వాత తోచింది.

అందుకే మా అమ్మాయితో, "నవ్వింది చాలుగానీ వాడికి తెలిసేట్టు చెప్పు" అన్నాను. ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతుంది లెండి. వాడితోపాటు నేనూ విన్నాను.

ఆ రాయి పేరు 2024 వైఆర్4. సుమారు 60 మీటర్లుంటుంది. తగిలే అవకాశం నూటికి మూడు పాళ్ళ దాకా వెళ్ళింది. (ఇంకా గమనించాక, ఆ నెలాఖరుకే 2032లో భూమికి భయం లేదని తేల్చేశారు.) ఒకవేళ నిజంగానే ఏ రాయైనా వస్తుంటే దాన్ని పగలగొట్టక్కర్లేదట. కాస్త తొయ్యాలంతే. 2022 సెప్టెంబరులో డార్ట్ అనే నౌకను డైమార్ఫస్ అనే 160 మీటర్ల రాతికి గుద్దించారు. ఆ రాయి ఇంకో పెద్ద రాయి చుట్టూ 11 గంటల 55 నిమిషాలకోసారి తిరిగేది. గుద్దాక అరగంటకు పైగా తగ్గింది!

"గుద్దటమెందుకమ్మా, కిరణంతో కాల్చేద్దాం" అన్నాడు మావాడు, కార్టూన్లు చూసిన తెలివి. అలాంటి ఆలోచనా ఉందట. 2011లో స్పెయిన్ శాస్త్రజ్ఞులు రాశారు. నౌక రాయి పక్కనే ఉంటూ విద్యుత్తు ఎక్కిన అణువులను, అంటే అయాన్లను, దాని మీదకు నెలలూ ఏళ్ళ తరబడి చిమ్ముతుంది. గొట్టంతో నీళ్ళు కొడితే ముగ్గుపిండి జరిగినట్టు రాయి జరుగుతుంది. అయితే చిమ్మినప్పుడల్లా నౌక కూడా వెనక్కి పోతుంది కదా, అందుకని వెనక వైపుకీ ఇంకో యంత్రం చిమ్ముతూ ఉండాలి. అయాన్లు చిమ్మే యంత్రాలు కొత్తేమీ కాదు. 2017లో శ్రీహరికోట నుంచి వెళ్ళిన జీశాట్-9లోనూ అమర్చారు. రాయిని అలా తొయ్యటమే ఇంతవరకూ ఎవరూ చేయలేదు.

దూరం నుంచే కణాల ధారతో కొట్టటం ఇంకా కష్టం. ఒకే రకం విద్యుత్తున్న కణాలు ఒకదాన్నొకటి నెట్టుకుని చెదిరిపోతాయి. 1989లో అమెరికా వాళ్ళు విద్యుత్తు తీసేసిన కణాల ధారను రాకెట్లో పంపి పరీక్షించారు. అది రాళ్ళ కోసం కాదు, క్షిపణుల మీద ఆయుధంగా పనికొస్తుందేమోనని. నాకైతే అది నచ్చలేదు. రాయిని కొట్టగలిగినది ఎదుటివాడి ఉపగ్రహాన్ని కొట్టదా? గుద్దే నౌకే నయమనిపించింది.

అమ్మాయి చెప్పిన లెక్క మాత్రం మనసులో నిలిచింది. రాయి వేగంలో సెకనుకు ఒక్క సెంటీమీటరు తేడా తెస్తే, పదేళ్ళకు అది మూడువేల కిలోమీటర్లకు పైగా పక్కకు పోతుందట. ముందుగా కనిపెడితే అంత చిన్న తోపు చాలు. ఆఖరి నెలలో తెలిస్తే ఏ కిరణమూ ఆపలేదు.

"ఏడేళ్ళుంది కదా అయితే" అని వేళ్ళు మడిచి లెక్కేసుకుని, మావాడు ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కాసేపాగి అడిగాడు.

"అమ్మమ్మా, ఆ మేకపిల్ల కూర బాగుందా?"

"బాగుందిరా" అన్నాను.