పగిలిన అద్దము

వేసవి సెలవులకు తెనాలి వచ్చుచు మా మనుమరాలు ఒక పెట్టె తెచ్చెను. అందులో గుండ్రని చెక్కపలక, దాని నడుమ అతికించుటకు చిన్న అద్దము, రంగురంగుల గాజుబిళ్ళలు, జిగురు, సందులు పూడ్చుటకు తెల్లని పొడి ఉండెను. చిన్న ముక్కలను పేర్చి చిత్రము కూర్చు ఈ పనిని మొజాయిక్ అందురు. "అమ్మమ్మా, మనమిద్దరము కలిసి చేయుదము" అని ఆ పిల్ల నన్ను చాపపై కూర్చుండబెట్టెను.

ముక్కలతో అందము కూర్చుట మనకు క్రొత్త కాదు. లంబాడీ స్త్రీలు దుస్తులపై అద్దపు బిళ్ళలు కుట్టుకొనుట మీరు చూచియే యుందురు. నేక్‌చంద్ అను చిన్న ప్రభుత్వోద్యోగి 1957 మొదలుకొని పగిలిన గాజులను, పింగాణి పెంకులను ప్రోగుచేసి చండీగఢ్‌లో ఒక తోట నిర్మించెను. అది 1976లో ప్రజలకు తెరవబడెను. మా తెనాలి శిల్పులు సైతము పాత ఇనుపముక్కలతో నిలువెత్తు విగ్రహములు చేయుచున్నారు.

అయినను, ఆ అద్దమును చేతబట్టగానే నా మనస్సు రేపల్లెకు పోయెను. తెనాలినుండి పోవు రైలుదారికి ఆ యూరే చివర. నేనచ్చటనే పెరిగితిని. 1974 వేసవిలో నాకు పదియేండ్లు, తమ్మునికి ఆరేండ్లు. ఒక మధ్యాహ్నము అమ్మ కమ్మలు పెట్టుకొని చూచుకొనవలెనని గోడనున్న అద్దమును దించితిని. అది చేజారి పగిలెను. అదే క్షణమున, వసారాలో ఆడుచున్న తమ్ముని రబ్బరుబంతి గదిలోనికి దొర్లివచ్చెను. అమ్మ పరుగున వచ్చి, పెంకుల నడుమ బంతిని చూచి వానినే తప్పుపట్టెను. నాన్న వానిని కొట్టెను. నేను తలుపుచాటున నిలిచి నోరు మెదపనైతిని.

పగిలిన అద్దము ఇంట నుండరాదని పెద్దలందురు. కాని వెంటనే మరియొకటి కొను స్తోమత మాకు లేకుండెను. అమ్మ అరచేయంత ముక్క నొకదానిని ఉంచుకొని, అందులో చూచుకొని బొట్టు పెట్టుకొనెడిది. ఆమె గతించిన పిదప ఆ ముక్క ఆమె పెట్టెలో, పాతగుడ్డలో చుట్టియుండగా నాకు దొరికెను.

దానిని తెచ్చి మనుమరాలి ముందుంచితిని. "దీనికి అంచులు సరిగా లేవే!" అని ఆమె సందేహించెను. "అంచు ఎట్లు పోయిన బిళ్ళలను అట్లే పేర్చుదము" అంటిని. గాజుపెంకులు పిల్లలు ముట్టదగినవి కావు గనుక, దాని అంచులను నేనే తడిరాతిపై నూరితిని. పిల్ల బిళ్ళలను సన్నని సందులు విడిచి అతికించెను. అవి ఒకదినము ఆరిన పిదప, పొడిని నీటితో ముద్దగా కలిపి సందులలో నొక్కితిమి. కొంతసేపటికి తడిస్పంజితో తుడువగా అంతయు ఒక్కటిగా మెరసెను.

మరునాడు దానిని బాపట్లలో నున్న తమ్మునికి తీసికొనిపోయి ఇచ్చి, జరిగినదంతయు చెప్పితిని. అతడు ఆ ముక్కను చాలసేపు చూచెను. "అక్కయ్యా, నా బంతియే తగిలినదని ఇన్నాళ్ళు నేనును నమ్మితిని. అమ్మ ఈ ముక్కలో బొట్టు పెట్టుకొనునప్పుడెల్ల చూడలేక బయటకు పోయెడివాడను" అనెను.

వానికి తగిలినది ఒకనాటి దెబ్బలే యని నేననుకొంటిని. అది ఏబదియేండ్ల బరువని నాకు ఆనాడు తెలిసెను.

తమ్ముడు లేచి, మేకు కొట్టి, ఆ అద్దమును తన వసారాలో తగిలించెను. అతుకులు అన్నియు కనబడుచునే యున్నవి. బాలలారా, ఆ ముక్కలను అతుకుటకు మాకు మూడు దినములు చాలెను. ఒక్క నిజము చెప్పుటకు నాకు ఏబదియేండ్లు పట్టెను.