నీటి ఊపిరికి వెలుగు కొలత

ఉర్దూలో దమ్ అన్నా, తెలుగులో ఊపిరి అన్నా సర్వప్రాణులకు ఆధారం అదే. నేలమీద మనము దానిని లెక్కించకుండానే పీల్చుకొంటాము. నీటిలో బ్రతికే జీవులకు ఆ భాగ్యం లేదు. లీటరు గాలిలో దాదాపు 270 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉండగా, మన తీరపు వెచ్చని సముద్రజలంలో లీటరుకు ఆరు మిల్లీగ్రాములకు కాస్త పైగా మాత్రమే కరిగి ఉంటుంది. చేప, రొయ్య, పీత ఈ కొద్దిపాటి నిధిమీదనే బ్రతకాలి.

మా ప్రాంతంలో ఇది పుస్తకాలకు పరిమితమైన విషయం కాదు. శ్రీ సిటీకి తూర్పున తడ దాటితే పులికాట్ సరస్సు, దాని ఒడ్డున వలను నమ్ముకొన్న పల్లెలు. ఇంకా ఉత్తరాన నెల్లూరు తీరమంతా రొయ్యల చెరువులు. పగటి ఎండలో నాచు ప్రాణవాయువును పుట్టిస్తుంది. రాత్రి తానే దానిని పీల్చుకొంటుంది. అందుచేత తెల్లవారుజామున నీటిలో ఊపిరి అడుగంటుతుంది. రొయ్యలు పైకి తేలిన తరువాత కొలిచి ప్రయోజనం లేదు. ఒక్క రాత్రిలో రైతు పెట్టుబడి నీటిపాలు కావచ్చు.

రసాయనశాస్త్ర విద్యార్థులమైన మేము మొదట నేర్చుకొన్నది 1888లో హంగేరీ శాస్త్రవేత్త లాయోష్ వింక్లర్ ప్రకటించిన పద్ధతి. బుడగ చేరకుండా సీసా నింపి, మాంగనీసు లవణాన్ని, క్షారంతో కూడిన అయొడైడును కలిపితే గోధుమరంగు మడ్డి ఏర్పడుతుంది. ఆమ్లం పోయగా అయొడిన్ వెలువడుతుంది. థయోసల్ఫేటును బొట్టుబొట్టుగా విడువగా స్టార్చి నీలిరంగు మాయమైనచోట లెక్క తేలుతుంది. ఇది నమ్మదగినదే, కాని సీసాకు ఒక్క జవాబే. 1956లో లేలాండ్ క్లార్క్ ప్రకటించిన ఎలక్ట్రోడు వేగాన్ని తెచ్చినది. అయితే తాను కొలిచే ప్రాణవాయువునే అది కొంత ఖర్చు చేస్తుంది.

ఆప్టికల్ సెన్సరుకు ఆ దోషం లేదు. దాని కొసన పలుచని పొరలో ఒక రంగుద్రవ్యం ఉంటుంది. నీలికాంతి సోకితే అది ఎర్రగా వెలుగుతుంది. ప్రాణవాయువు అణువులు తాకినకొద్దీ ఆ వెలుగు త్వరగా ఆరిపోతుంది. ఎంత త్వరగా ఆరినదో కొలిస్తే ప్రాణవాయువు ఎంతో తెలుస్తుంది. బంగాళాఖాతంలో మునిగి లేచే ఆర్గో యంత్రాలలో కొన్ని ఇటువంటి సెన్సర్లను మోస్తున్నవి. మన హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఆ కృషిలో పాలుపంచుకొంటున్నది. ఆ సముద్రంలో సుమారు నూరు మీటర్ల దిగువనుండే ప్రాణవాయువు మిక్కిలి కొరవడిన పొర ఉన్నది గనుక ఈ కొలత ఎంతో అవసరం.

అయితే వెలుగు ఒక్కటే చాలదు. పొర గ్రహించేది ప్రాణవాయువు పీడనాన్ని. దానిని మిల్లీగ్రాములలోకి మార్చాలంటే నీటి వేడిమి, ఉప్పదనం తెలియాలి. 28 డిగ్రీల వద్ద గాలితో సమతూకంలో ఉన్న మంచినీటిలో సుమారు 7.8 మిల్లీగ్రాములు, సముద్రజలంలో సుమారు 6.4 మిల్లీగ్రాములు ఉంటాయి. కాని సెన్సరు వెలుగు రెండింటిలోనూ ఒక్కటే! పులికాట్ నీరు వానకాలంలో కాళంగి, ఆరణి నదుల వరదతో పలుచబడి, వేసవిలో సముద్రంకంటె ఉప్పగా మారగలదు. అక్కడ ఒకే ఉప్పు లెక్కతో ఏడాదంతా నెట్టుకురావడం తగదు. పొరపై పాచి పేరుకొన్నా కొలత తప్పుతుంది. అందుకే కాలానుగుణంగా సెన్సరును శుభ్రపరచి, పాత వింక్లర్ సీసాతో సరిచూడాలి.

కాబట్టి సోదర విద్యార్థులారా, కొత్త పరికరం వచ్చినదని పాత విద్యను విడువరాదు. రెండూ నేర్చిన యువకులు మన సరస్సు ఊపిరిని ఋతువు ఋతువునా కొలిచి వ్రాసిపెట్టగలిగితే, వలమీద బ్రతికే కుటుంబాలకు మన చదువు అక్కరకు వచ్చినట్లే.